తాళం పడిన గొంతులు

మా నాయన మాట్లాడితే పక్క పొలంలో వాళ్లు తల తిప్పి చూసేవాళ్లు. జీవాల వెంట కొండల్లో తిరిగిన మనిషికి మెల్లగా మాట్లాడటం అలవాటు కాలేదు. అన్నం ముందు కూర్చుని ఉప్పు అడిగినా వాగు అవతలి మనిషిని కేకేసినట్టే ఉండేది. “మేమేమన్నా చెవిటోళ్లమా” అని అమ్మ విసుక్కునేది. రెండు ముద్దల సేపు గొంతు తగ్గించేవాడు, ఆ తర్వాత మళ్లీ మామూలే.

నేను మార్కాపురంలో ఒక చిన్న రేడియోలో పనిచేస్తాను. చుట్టుపక్కల ఊళ్ల జనం కోసం, ఆ జనం చేతనే మాట్లాడించే రేడియో. గిద్దలూరు పోయే రోడ్డు పక్కన ఎరువుల దుకాణం మీద అద్దె గదుల్లో ఉంటుంది. మా ప్రసారం తర్లుపాడు దాకా బాగానే అందుతుంది. దాని అవతల గిద్దలూరు, కొమరోలు వైపు ఉన్నవాళ్లకు ఫోన్లలో పంపుతాం. వానల కబురు, కంది పంటకు పట్టే పురుగు, గొర్రెలకు వేయించాల్సిన టీకాలు, బోరు వేసే ముందు చూసుకోవాల్సినవి, పాటలు, ముసలివాళ్ల ముచ్చట్లు, ఇవే మా కార్యక్రమాలు.

అక్కడ పని చేసేది ముగ్గురం. రేడియోను నడిపించే మేడమ్ ఒకప్పుడు బడిలో హెడ్మిస్ట్రెస్. గిద్దలూరులో ఉంటారు, రోజూ రైల్లో వస్తారు. మైకు ముందు మాట్లాడేది నేను అన్నా అని పిలిచే ఆయన. ఆయనది కొమరోలు దగ్గర పల్లె, తల్లిదండ్రులు కూలి పనులకు పోయేవాళ్లు. ఊరి చర్చిలో పాటలు పాడి పాడి గొంతు సాన పట్టుకున్న మనిషి. నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివాను గనుక రికార్డింగులు, వాటిని కత్తిరించి అతకడం, దాచడం, ట్రాన్స్‌మిటర్ చూసుకోవడం నా పని. మా ఊరు తర్లుపాడు పక్కనే. పొద్దున బస్సుకో ఆటోకో వచ్చి, సాయంత్రానికి అమ్మ దగ్గరికి చేరుకుంటాను.

రేడియో పెట్టిన కొత్తలో గొర్రెల కాపరుల చేత మాట్లాడించాలనుకున్నాం. అడిగినవాళ్లంతా మైకు అనగానే పని ఉందని తప్పుకున్నారు. చివరికి మా నాయననే పిలిపించాను. ఉతికిన పంచె కట్టుకుని, కొత్త తువ్వాలు తలకు చుట్టుకుని వచ్చాడు. మైకు నోటి దగ్గరికి జరిపితే కాస్త వెనక్కి వంగి, “ఏందిది, కరుస్తదా?” అన్నాడు. అద్దం అవతల కూర్చున్న అన్న నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాడు.

“మామూలుగా మాట్లాడు నాయనా. నాతో చెప్పినట్టు చెప్పు” అన్నాను.

“నీతో చెప్పేదానికి ఇంత దూరం ఏంటికి రమ్మన్నావు? ఇంటికాడ చెప్పేవాణ్ణి గదా” అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ ఆపాల్సిన పని లేకుండా చెప్పుకుంటూ పోయాడు. ఎండాకాలం మేత అయిపోతే మందను నల్లమల వైపు ఎట్లా తోలుకుపోయేవాళ్లో, ముందు నడిచే గొర్రెను ఎట్లా కనిపెట్టేవాళ్లో, వాన వస్తుందని మేకకు ఎట్లా తెలుస్తుందో అన్నీ చెప్పాడు. చివర్లో అన్న అడిగితే మందను మళ్లేసే కేక వేసి చూపించాడు. తెర మీద గొంతు గీత ఎగిసి పై అంచుకు తగిలింది. రికార్డింగు లెక్క ప్రకారం అది చెడిపోయినట్టు. నేను దాన్ని సరిచేయలేదు, అట్లాగే ఉంచాను. ఆ కేక మొదట పొట్టిగా, గట్టిగా ఉండేది. చివర సాగేది. సాగి సాగి సన్నబడి, అయిపోయిందని మనం అనుకున్నాక కూడా కాసేపు మిగిలి ఉండేది.

కొన్నేళ్లకు నాయన పోయాడు. పొద్దున్నే దొడ్డి తడిక తీస్తూ గుండె పట్టుకుని కూర్చున్నాడు, ఇంక లేవలేదు. అమ్మ కొద్దిరోజులు మందను మేపింది. ఆమె కేకకు జీవాలు తల ఎత్తి చూసేవి గానీ కదిలేవి కావు. హనుమంతునిపాడు వైపు వాళ్లెవరో వస్తే అమ్మేసింది.

అప్పటి నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. పొద్దున ఆఫీసుకు అందరికంటే ముందు పోయి, తాళం తీసి, కంప్యూటర్ పెట్టి, నాయన రికార్డింగు తెరిచేదాన్ని. రోజూ మొత్తం వినేదాన్ని కాదు. ఒక్కోరోజు “కరుస్తదా?” అన్న ముక్క దాకా విని ఆపేదాన్ని. ఒక్కోరోజు ఆ కేక ఒక్కటే. అమ్మకు వినిపిస్తానంటే వద్దంది. “మనిషి లేకుండా మాటొకటి ఏంటికి” అంది. నా ఫోన్లో ఒక కాపీ ఉండేది. ఆ ఫోను నీళ్ల తొట్టిలో పడి పోయింది. పోతే పోయిందిలే, ఆఫీసులో ఉందిగా, అక్కడైతే భద్రం అనుకున్నాను.

ఒక పొద్దున అట్లాగే తాళం తీశాను. కంప్యూటర్ తెర ఎప్పటిలా లేదు. నల్లటి తెర మీద ఇంగ్లీషులో రాసి ఉంది. మీ ఫైళ్లన్నింటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే ఫలానా చోట మమ్మల్ని అడగండి, డబ్బు ఇట్లా పంపండి అని. ఎవరో ఆకతాయి పని అనుకున్నాను. ఆపి మళ్లీ పెట్టాను. రికార్డింగులు ఉండే చోటికి పోయి చూశాను. ప్రతి ఫైలు పేరు చివరా తోక తగిలించినట్టు అర్థం లేని అక్షరాలు నాలుగు. ఏది నొక్కినా తెరుచుకోలేదు. నాయనది వెతికి నొక్కాను. ఈ ఫైలును తెరవలేను అని కంప్యూటర్ చెప్పింది.

మా దగ్గర బ్యాకప్ లేకపోలేదు. కంప్యూటర్ అమ్మిన దుకాణం అతను పెట్టి ఇచ్చిన డిస్కు ఒకటి ఉండేది. ఏ రోజు చేసిన పని ఆ రోజు అందులోకి దానంతటదే పోయేట్టు పెట్టాడు. అందుకని అది ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించే ఉండేది. తాళం వేసినవాడు తీగ పట్టుకుని అందులోకీ పోయాడు. అందులోనూ అవే తోకలు.

మేడమ్ వచ్చేసరికి నేను కుర్చీలో కాకుండా నేల మీద కూర్చుని ఉన్నానట. నాకు గుర్తు లేదు, తర్వాత అన్న చెప్పాడు. మేడమ్ తెర మీద ఉన్నది మెల్లగా రెండుసార్లు చదివారు. నా వైపు తిరిగి, “మైకు పని చేస్తందా?” అన్నారు.

చూశాను. మైకుకూ ట్రాన్స్‌మిటర్‌కూ మధ్య కంప్యూటర్‌తో పని లేదు.

“చేస్తంది మేడమ్.”

“అయితే టయానికి మొదలు పెడదాం. ఏం చెప్పాలో ఆలోచించండి.”

అన్న ముఖం పాలిపోయి ఉంది. “కంప్యూటర్ చెడిపోయిందని చెబుదాం మేడమ్. దొంగలు పడినారంటే మన పరువేం గాను?” అన్నాడు.

మేడమ్ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నారు. “మనకు ఫోన్ చేసేవాళ్లందరి నంబర్లూ ఆ కంప్యూటర్లోనే ఉండాయి. అవి కూడా వాళ్ల చేతికి పోయినాయేమో తెలీదు. రేపు మన రేడియో పేరు చెప్పి ఎవడన్నా ఫోన్ చేసి బ్యాంకు నంబర్ అడిగితే, మన మాట వినే ముసలామె చెప్పేస్తది. మనవాళ్లే గదా అనుకుంటది. అప్పుడు పరువు ఉంటదా?”

అన్న లేచి మైకు దగ్గరికి పోయాడు. ఆ పొద్దు మా దగ్గర పాటలు లేవు, మొదట్లో వచ్చే సంగీతం కూడా లేదు. ఆయన మైకు ముందు కూర్చుని, దాపరికం లేకుండా చెప్పాడు. “అమ్మల్లారా, అయ్యల్లారా, మా కంప్యూటర్‌కు దొంగలు తాళం వేసినారు. యాడ ఉండే దొంగలో మాకు తెలీదు. మా పేరు చెప్పి ఎవరన్నా మీకు ఫోన్ చేసి డబ్బులు అడిగినా, నంబర్లు అడిగినా చెప్పొద్దండి. మేము ఎప్పుడూ అడగం. ఈ పొద్దు పాటలు వేసేదానికి లేవు, అందుకని నేనే పాడతా.” కలుపు తీసేటప్పుడు వాళ్లమ్మ పాడే పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణంలో గొంతు వణికింది. రెండో చరణానికి కుదురుకుంది. ట్రాన్స్‌మిటర్ దగ్గర నిలబడి విన్నాను. మా రేడియోలో అంత బాగా ఆయన ఎప్పుడూ పాడలేదనిపించింది.

మధ్యాహ్నానికి ఒంగోలు నుంచి మేడమ్ పాత శిష్యురాలు బస్సులో దిగింది. ఒక కాలేజీలో కంప్యూటర్ల భద్రత చూసుకునే అమ్మాయి. వస్తూనే ఇంటర్నెట్ తీగ పీకించింది, దేన్నీ చెరపొద్దంది. పోలీసులకు ఫిర్యాదు పెట్టించింది. తర్వాత కూర్చుని చాలాసేపు చూసింది. నేను ఆమె వెనకే నిలబడ్డాను.

“పగలగొట్టలేమా?” అని అడిగాను.

“లేమక్కా. ఒక్కో ఫైలునూ లోపల గిలకొట్టేశారు. తిరిగి సర్దాలంటే వాళ్ల దగ్గరున్న తాళంచెవి కావాలి. లేకుండా ప్రయత్నిస్తే మనందరి ఆయుష్షులు కలిపినా చాలవు.”

“అంటే లోపల ఉన్నట్టేనా?”

“ఉన్నట్టే. ఏదీ పోలేదు. తెరవలేం, అంతే.”

ఆమె ఓదార్చడానికే అంది. పోయిందని చెప్పి ఉంటే ఒకరోజు ఏడ్చి ఊరుకునేదాన్నేమో.

అన్న మధ్యాహ్నం క్యారియర్ తెరవలేదు. సాయంత్రం టీ కూడా వద్దన్నాడు. కిందటి వారం తన ఫోనుకు ఎవరో పంపిన శుభాకాంక్షల ఫైలు ఆ కంప్యూటర్‌లో తెరిచాడట, దాని వల్లే ఇదంతా జరిగిందని లోపల కుమిలిపోతున్నాడు. మేడమ్‌తో చెప్పడానికి నోరు తెరిచాడు.

“ఎవరు ఏం నొక్కినారని నేను అడగను” అన్నారు మేడమ్. “అడిగితే ఈసారి చెప్తారు. మళ్లీసారి దాచిపెడతారు. నాకు మళ్లీసారి ముఖ్యం.”

రెండ్రోజుల తర్వాత తెలిసింది, వాళ్లు వచ్చిన దారి అది కాదని. ఎప్పుడో లెక్కల సాఫ్ట్‌వేర్ వేసినవాళ్లు, దూరం నుంచే బాగుచేయడానికి వీలుగా కంప్యూటర్లోకి ఒక తలుపు పెట్టుకున్నారు. పని అయిపోయాక దాన్ని మూయలేదు. దానికి పెట్టిన పాస్‌వర్డ్ మా రేడియో పేరే. ఎవరైనా ఊహించగలిగేదే. ఆ సంగతి వినగానే అన్న మెట్ల మీద కూర్చుని ముఖం తువ్వాలుతో కప్పుకున్నాడు. అప్పటి దాకా పట్టిన బిగువంతా ఒక్కసారి వదిలింది.

మమ్మల్ని మొదటి నుంచీ ఆదుకుంటున్న పెద్దమనిషి ఒకాయన, వాళ్లడిగింది ఇద్దామా, నేను సర్దుతాను అని కబురు పంపాడు. అది విని నాకు ప్రాణం లేచొచ్చింది. మేడమ్ మాత్రం వద్దన్నారు. నేను ఆమె గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేశాను. ఎనిమిదేళ్ల పాటు జనం చెప్పిన మాటలున్నాయి, వాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు, ఇవ్వగలిగి కూడా ఇవ్వకపోవడం ఏం న్యాయం అని అడిగాను. నా గొంతు పెరిగింది. మా నాయన గొంతులా.

“ఇచ్చినాక వాళ్లు తెరుస్తారని ఎవరు చెప్పినారు?” అన్నారామె. “డబ్బు తీసుకొని పోయినోళ్లు ఉండారంట. మనం ఇస్తే ఆ డబ్బుతో ఇంకో రేడియోకో, ఆసుపత్రికో తాళం వేస్తారు. ఆ పాపంలో మనకు వాటా ఉండదా?”

“నాకు అదంతా తెలీదు మేడమ్. అందులో మా నాయన ఉండాడు.”

ఆ రికార్డింగు సంగతి ఆమెకు తెలుసు గానీ, నేను రోజూ దాన్ని వింటానని తెలియదు. నేను పొద్దున్నే ఎందుకొస్తానో ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు చెప్పాను. ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయారు. ఆటోలు పోతున్నాయి. మా కింది దుకాణంలో ఎవరో బస్తాలు దింపుతున్నారు.

“మా ఆయన గొంతు నా దగ్గర ముక్క కూడా లేదు” అన్నారు అక్కడి నుంచే. “ఆ రోజుల్లో ఫోన్లలో ఇవన్నీ లేవు. అందుకని నీ బాధ నాకు తెలీదని అనుకోవద్దు. అయినా ఇవ్వను. నువ్వు నా మీద కోపం పెట్టుకున్నా సరే.”

కోపం పెట్టుకున్నాను. చాలా రోజులు ఆమెతో పని మాటలే తప్ప వేరే మాట మాట్లాడలేదు. ఒకరోజు ఆమె రైలు దిగి వస్తూ కొత్త డిస్కు ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. “తాళం పడినవన్నీ అట్లనే ఇందులోకి ఎక్కించు. ఒంగోలు పాప చెప్పింది, ఇట్లాంటి దొంగలు ఎప్పుడన్నా పట్టుబడితే తాళంచెవులు అందరికీ ఊరికే పెడతారంట. ఎప్పుడని అడగొద్దు. ఇది మాత్రం పారేయొద్దు” అన్నారు. ఎక్కించాను. పని అయ్యేదాకా ఆమె నా పక్కనే కూర్చున్నారు. కోపం ఆ రోజుతో పోయింది.

పోయినవాటిని జనాన్నే అడుగుదామని అన్నకు ఆలోచన వచ్చింది. “మా మాటలు, పాటలు ఎవరన్నా మీ ఫోన్లలో దాచుకొని ఉంటే తీసుకురాండి” అని రోజూ చెప్పాడు. అంతమంది వస్తారని మేము అనుకోలేదు. పగిలిన అద్దాల ఫోన్లు, బటన్ల ఫోన్లు, కాగితంలో మడిచిన మెమరీ కార్డులు తెచ్చారు. ఒకామె కొడుకు పుట్టినప్పుడు మేము వేసిన పాట దాచుకుంది. ఇంకొకాయన వేరుశనగ మీద మేము చేసిన కార్యక్రమాన్ని, అందులో తన పెళ్లాం గొంతు వినపడిందని దాచుకున్నాడు. తుడిచి కొత్తగా పెట్టుకున్న మా పెద్ద కంప్యూటర్‌లోకి మేము దేని నుంచీ నేరుగా ఎక్కించలేదు. ఒంగోలు అమ్మాయి చెప్పినట్టు, నెట్టు లేని పాత కంప్యూటర్‌లో పెట్టి, వైరస్ లేదని చూసుకుని అప్పుడు తీసుకునేవాళ్లం. ఒక్కో ఫోను తగిలించినప్పుడల్లా ముందు నాయన గొంతు కోసమే వెతికేదాన్ని. నాయన కార్యక్రమం గాలిలోకి పోయింది కదా. ఎవరో ఒకరు దాచి ఉంటారు.

ఒకరోజు హనుమంతునిపాడు వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో బటన్ల ఫోను. మెట్లెక్కి ఆయాసం తీర్చుకుని, “జీవాల గురించి చెప్పింది నా కాడ ఉంది” అన్నాడు. నన్ను పరీక్షగా చూసి, “నువ్వు తర్లుపాడుకాడ ఆయన కూతురువా? ముక్కు అదే ముక్కు. మీ నాయనా నేనూ నల్లమలలో ఒకే దొడ్డికాడ పండుకున్నోళ్లం” అన్నాడు.

ఫోను తగిలించాను. ముందు గాలి హోరు వినపడింది, గొర్రెల అరుపులు, ఎవరో దగ్గడం. వాటి వెనక మా రేడియో. కానీ మాట్లాడేది పశువుల డాక్టరు. టీకాల గురించి చెబుతున్నాడు. చివరి దాకా విన్నాను. నాయన రాలేదు.

“ఇది కాదా?” అన్నాడు ముసలాయన.

“కాదు పెదనాయనా.”

ఆయన నొచ్చుకున్నాడు. టీ తెప్పించాను. తాగుతూ, “మీ నాయన ఆ పొద్దు రేడియోలో చెప్పింది నేను విన్నా. మేక తోక ఆడించేదాన్ని బట్టి వాన చెప్పొచ్చు అన్నాడు. అబద్ధం. నాకాడ ఒప్పుకున్నాడు, అది వాళ్ల తాత చెప్పినాడంట, ఎప్పుడూ నిజం కాలేదంట” అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నాయన పోయాక ఆయన్ని తలుచుకుని నవ్వడం అదే మొదటిసారి.

“ఆ కేక మీకు వచ్చా?” అని అడిగాను.

ఆయన గ్లాసు పక్కన పెట్టి, గొంగడి సర్దుకుని, కేక వేశాడు. కిందనున్న దుకాణం అతను ఏమైందోనని మెట్ల దాకా వచ్చి చూశాడు. మొదటి ముక్క అచ్చం నాయనదే. చివరకొచ్చేసరికి తెగిపోయింది.

“ఆయన లాగతాడు చూడు చివర్న. అది నాకు రాదు” అన్నాడు. “నల్లమలలో కూడా ఎవరికీ రాలేదు.”

ఆయనను స్టూడియోలోకి తీసుకుపోయి మళ్లీ వేయించి రికార్డు చేసుకున్నాను. మర్నాడు అది మా కార్యక్రమంలో వేశాం. ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది. విన్నావా అని అడిగాను. విన్నానంది. సంకటి కెలుకుతూ, “అట్ల కాదు. చివర లాగాల” అంది.  

ఆ ఏడాది మా ఆఫీసు పద్ధతులన్నీ మారాయి. ఒంగోలు అమ్మాయి చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా పెట్టుకున్నాం. ప్రతి రికార్డింగుకూ మూడు కాపీలు. ఒకటి పని చేసే కంప్యూటర్లో, ఒకటి వారానికోసారి తగిలించి వెంటనే పీకేసే డిస్కులో, ఒకటి గిద్దలూరులో మేడమ్ ఇంటి బీరువాలో. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకే, దాంతోపాటు ఫోనుకు వచ్చే అంకె కూడా కొడితేనే లోపలికి పోయేది. బయటివాళ్లు వచ్చి బాగుచేసి పోయాక వాళ్లు తెరిచిన తలుపులన్నీ మూసేదాకా నేను ఇంటికి పోను. డిస్కులు ఉంటే చాలదని, అప్పుడప్పుడూ వాటిలోంచి ఒక ఫైలు తీసి నిజంగా వినపడుతుందో లేదో చూసుకోవాలని కూడా ఆమే చెప్పింది.

మరొకటి మేడమ్ పెట్టారు. ఎప్పుడనేది ముందు చెప్పకుండా ఒక పొద్దున వచ్చి, “ఈ పొద్దు కంప్యూటర్ లేదు” అనేవారు. అంతే, ఎవరూ దాన్ని ముట్టకూడదు. మైకు, మా ముగ్గురి గొంతులు, ఫోన్లు చేసే జనం, వాటితోనే రేడియో నడవాలి. అన్న దానికి ఉత్తచేతుల దినమని పేరు పెట్టాడు. మొదటిసారి సగంలో మాటలు అయిపోయి బిక్కముఖాలు వేశాం. తర్వాత తర్వాత ఆ రోజు కోసం ఎదురుచూసేంతగా అలవాటైంది. వినేవాళ్లు కూడా పసిగట్టి, ఆ రోజు వాళ్లే ఫోన్ చేసి పాడేవాళ్లు.

మా సంగతి తెలిసి పాల కేంద్రం వాళ్లు, ఒక బడి వాళ్లు, కొమరోలులో రైతుల సంఘం వాళ్లు తమ దగ్గరికి వచ్చి ఈ జాగ్రత్తలు చెప్పమన్నారు. పోయి చెప్పేదాన్ని. డిస్కు తగిలించే ఉంచుతున్నారా అని ముందు అడిగేదాన్ని. అవునంటే, దాన్ని పీకి చేతికిచ్చేదాకా మిగతాది చెప్పేదాన్ని కాదు. ఎందుకంత పట్టుదల అని ఒకాయన అడిగాడు. మా నాయన సంగతి చెప్పాలనిపించింది, చెప్పలేదు.

తాళం పడిన డిస్కును అప్పుడప్పుడూ తీస్తాను. ఎక్కడో దూర దేశంలో ఒక ముఠా పట్టుబడిందని, తాళంచెవులు బయటపెట్టారని వార్త వస్తే చాలు, మా ఫైళ్ల తోకల్లోని అక్షరాలతో సరిచూస్తాను. ఒకసారి తోక దాదాపు మాదానిలాగే ఉంది, ఒక్క అక్షరం తేడా. అయినా ఒక ఫైలుకు కాపీ తీసి ప్రయత్నించాను. కంప్యూటర్ కొంచెంసేపు ఆలోచించింది. ఆ కొంచెంసేపట్లో నాయన తువ్వాలు సర్దుకుని, మైకు చూసి వెనక్కి వంగినట్టే అనిపించింది. తర్వాత, ఈ తాళంచెవి దీనిది కాదు అని వచ్చింది. అన్న పక్కనే ఉన్నాడు. లేచి పోయి రెండు టీలు చెప్పి వచ్చాడు.

ఈ మధ్యనే ఒక పొద్దున నేను బస్సులో ఉండగా అన్న ఫోన్ చేశాడు. “చెల్లే, నేనొక పని చేసినా. కరెంటు బిల్లు అని వచ్చింది, నొక్కినా. నొక్కినాక తెలిసింది. తెర అదో మాదిరిగా అయింది” అన్నాడు.

“తీగ పీకినావా అన్నా?”

“పీకేసినాక నీకు ఫోన్ చేస్తన్నా.”

“మేడమ్‌కు చెప్పినావా?”

“నీకంటే ముందు ఆమెకే చెప్పినా. మంచి పని చేసినావన్నారు. నొక్కినందుకు కాదులే, చెప్పినందుకు” అన్నాడు. గొంతులో భయం లేదు.

నేను పోయేసరికి కార్యక్రమం టయానికి మొదలైపోయింది. అన్న మైకు ముందు కూర్చుని, ఇట్లాంటి బిల్లు మీకూ రావచ్చు, నేను మోసపోయినా, మీరు నొక్కొద్దండి అని వినేవాళ్లకు చెబుతున్నాడు. నాలుగైదు ఫైళ్లకు తోకలు మొలిచాయి, అంతలో తీగ పీకేయడంతో ఆగిపోయాయి. ఒంగోలు అమ్మాయి ఫోన్లో చెబుతుంటే కంప్యూటర్ మొత్తం తుడిచి, కొత్తగా పెట్టి, డిస్కులోంచి అన్నీ తిరిగి ఎక్కించాను. ఒక్కొక్కటే తెరిచి విన్నాను. ముసలాయన కేక ఉంది. కలుపు పాట ఉంది. పగిలిన ఫోన్లలోంచి జనం తెచ్చి ఇచ్చినవన్నీ ఉన్నాయి. అన్న వెనక నిలబడి ఒక్కో దానికీ తల ఊపాడు. మేడమ్ సాయంత్రం రైలుకు బయల్దేరే ముందు నా భుజం మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి వెళ్లిపోయారు.

తర్లుపాడు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. గెలిచినట్టే ఉంది, సంతోషంగానే ఉంది. దాని కింద మాత్రం అప్పుడే ఈ జాగ్రత్తలన్నీ ఉండి ఉంటే అనే మాట తిరుగుతూనే ఉంది. రోడ్డు పక్క కంది చేలల్లోంచి ఒక మంద ఇంటి దారి పట్టింది. కాపరి ఫోన్లో మాట్లాడుకుంటూ వెనక నడుస్తున్నాడు.

ఇంటికి పోయేసరికి అమ్మకు సంగతి తెలిసిపోయింది. రేడియోలో విన్నదట. కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. కంచం పెట్టింది.

“ఏమన్నా పోయినాయా?” అంది.

“లేదమ్మా. ఈసారి ఏమీ పోలేదు. అన్నీ ఉండాయి.”

పప్పు వేసింది. గరిటె గిన్నెలో పెట్టి, అక్కడే నిలబడింది.

“మీ నాయనది?”

“అది ఇంకా తెరుచుకోలేదమ్మా.”

“తెరుచుకుంటే చెప్పు. నేనూ వస్తా” అంది అమ్మ.